సంఘ చందా ఎలా అడగాలి? కొత్త కోశాధికారికి నా సమాధానం

ప్రభువు నామంలో వందనాలు.

మీ ప్రశ్నను నాకు అర్థమైనట్లు మళ్లీ చెబుతాను, పొరపాటుంటే సరిదిద్దండి. మీది డెల్టాలో ఒక సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) పాస్టరేట్, అంటే ఒక పాస్టరుగారి కింద నడిచే సంఘాల సముదాయం. ఊళ్లో పెద్ద గుడి, చుట్టూ మూడు పల్లె సంఘాలు, మొత్తం 180 కుటుంబాలు. ఈ మధ్యే మీరు కోశాధికారిగా ఎన్నికయ్యారు. డయాసిస్‌కు, అంటే బిషప్‌గారి పరిధిలోని సంఘాలన్నిటి పాలనకు, కట్టవలసిన వాటా (అసెస్‌మెంట్) రెండేళ్లుగా పూర్తిగా కట్టలేకపోయారు. చందా రాయించుకున్నవారిలో సగం మంది సరిగ్గా కట్టడం లేదు. కమిటీలో మూడు సలహాలు వచ్చాయి: బకాయి ఉన్నవారి పేర్లు గుడి బోర్డు మీద అంటించడం, పెళ్లికో సమాధికో వచ్చినప్పుడు పాత బాకీ అంతా రాబట్టడం, వచ్చే ఏడాది నుంచి దశమభాగం (రాబడిలో పదో వంతు) అందరికీ తప్పనిసరి చేయడం. వీటిలో ఏది పని చేస్తుందని అడిగారు.

మూడూ వద్దు. ఎందుకు వద్దో, వాటి బదులు ఏమి చేయవచ్చో కాస్త వివరంగా రాస్తాను. నేను ఒక పాస్టరేట్ కమిటీలో 24 ఏళ్లు ఉన్నాను, అందులో 15 ఏళ్లు మీరు ఇప్పుడు మోస్తున్న బాధ్యతే మోశాను. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి రోజుల్లో నాకూ ఆ మూడు దారులే తోచాయి.

రెండో సలహాతో మొదలుపెడతాను. దాన్ని మేము ఆచరణలో పెట్టాం.

నేను కమిటీలోకి వచ్చిన కొత్తలో ఒక కూలి కుటుంబంలో ఇంటి యజమాని చనిపోయాడు. శవం ఇంట్లో ఉండగా అతని బావమరిది సమాధుల తోటలో స్థలం అడగడానికి పాస్టరుగారి బంగళాకు వచ్చాడు. పెద్దలు చందా పుస్తకం తెరిచారు. నాలుగేళ్ల చందా బాకీ, దానికి తోడు ఒక కోతపండుగలో గుడికి వచ్చిన కానుకల మీద పాడిన వేలంపాట బాకీ. మొత్తం కడితేనే గంట కొట్టిస్తామన్నారు. ఆ మనిషి మారుమాట లేకుండా వెళ్లిపోయి రెండు గంటల తరువాత డబ్బుతో వచ్చాడు. తాను పనిచేసే రైతు దగ్గర అప్పు తెచ్చాడని తరువాత తెలిసింది. ఆ రైతు క్రైస్తవుడు కాదు. విషయం వినగానే తీసి ఇచ్చాడట. రశీదు రాసింది నేను. గంట మోగింది, పాటలు పాడాం, మట్టి వేశాం.

మరుసటి ఆదివారం నుంచి ఆ కుటుంబం గుడికి రాలేదు. రెండు నెలలు చూసి నేను వాళ్లింటికి వెళ్లాను. చనిపోయినాయన భార్య మంచినీళ్లు ఇచ్చి, మంచం వాల్చి, ఒకే మాట అడిగింది. "గుడి కట్టేటప్పుడు మా ఆయన పదిహేను రోజులు ఇటుక మోశాడయ్యా. కూలి తీసుకోలేదు. అది మీ పుస్తకంలో రాసుకోలేదా?"

రాసుకోలేదు. మా పుస్తకంలో దానికి గడి లేదు.

సంఘంలో కానుకల గురించి ఎవరు ఏ పద్ధతి చెప్పినా ముందు నాకు ఆ ప్రశ్న గుర్తుకొస్తుంది. ఆ పద్ధతి ఆమె ముందు నిలబడుతుందా అని చూస్తాను. సమాధి స్థలం తాకట్టుగా పెట్టుకొని వసూలు చేసిన సొమ్ము కానుక కాదు. బాప్తిస్మం, పెళ్లి, సమాధి అనేవి సంఘం తన బిడ్డలకు చేసే సేవలు. అక్కడ పుస్తకం తెరిచిన రోజున గుడికీ మార్కెట్ యార్డు చెక్‌పోస్టుకూ తేడా ఉండదు.

ఇక మూడో సలహా, దశమభాగం. దీని మీద మీ కమిటీలో భక్తిపరులే ఎక్కువ పట్టుబడుతున్నారని రాశారు. వాళ్ల పట్టుదలను నేను తక్కువ చేయను. నేనూ నా భార్యా పెళ్లైన ఏడాది నుంచి పదో వంతు తీసి పక్కన పెడుతూనే ఉన్నాం, దానివల్ల మా ఇంట్లో క్రమం వచ్చింది. అయితే మనంతట మనం ఇవ్వడం వేరు, ఇతరుల మీద వేయడం వేరు. బైబిలులో మలాకీ 3వ అధ్యాయం 10వ వచనం మీద మీరూ నేనూ లెక్కలేనన్ని ప్రసంగాలు విన్నాం. పదో వంతంతా నా మందిరపు నిధిలోకి తీసుకురండి, ఆకాశపు వాకిళ్లు విప్పుతాను అన్న మాట. అదే కాలపు కథ నెహెమ్యా గ్రంథం 13వ అధ్యాయంలో ఉంది. దాని మీద ప్రసంగం మాత్రం నేను రెండు మూడుసార్లకు మించి వినలేదు.

ఆ అధ్యాయం ఈ రాత్రి ఒకసారి తీసి చదవండి. యూదా దేశానికి అధికారిగా ఉన్న నెహెమ్యా కొంతకాలం యెరూషలేములో లేడు. తిరిగి వచ్చి చూస్తే మందిర సేవ చేసే లేవీయులు, పాటలు పాడేవారు మందిరం విడిచి ఎవరి పొలాలకు వారు వెళ్లిపోయి ఉన్నారు, ఎందుకంటే వారికి రావలసిన భాగాలు రావడం లేదు. జనం దశమభాగం తేవడం మానేశారు. ఎందుకు మానేశారో అధ్యాయం విడమరచి చెప్పదు గానీ, దానికి ముందే ఇంకో సంగతి చెబుతుంది. దశమభాగాలు నిలవచేసే పెద్ద గదిని ఎల్యాషీబు అనే యాజకుడు తనకు బంధుత్వం ఉన్న టోబీయాకు ఇచ్చేశాడు. ధాన్యం, ద్రాక్షారసం, నూనె ఉండవలసిన చోట టోబీయా ఇంటి సామాను ఉంది. నెహెమ్యా మొదట జనాన్ని తిట్టలేదు. ఆ సామానంతా బయట పారవేయించాడు. గదిని శుభ్రం చేయించాడు. తరువాత అధికారులను నిలదీశాడు, లేవీయులను వెనక్కి పిలిపించాడు. ఆ తరువాతనే యూదా వారంతా పదో వంతు తెచ్చారని ఉంది. తెచ్చినదాన్ని చూసుకోవడానికి నమ్మకస్తులని పేరున్న నలుగురిని నియమించాడు. ఒక యాజకుడు, ఒక శాస్త్రి, ఒక లేవీయుడు, వారికి తోడుగా ఇంకొకరు. ఒక్కడి చేతిలో పెట్టలేదు.

మలాకీ మాటను జనానికి చెప్పే హక్కు మనకు వస్తుంది. అయితే నెహెమ్యా పని ముందు మన గదిలో చేసుకున్న తరువాతే వస్తుంది.

మా దగ్గరా ఒక టోబీయా గది ఉండేది. నేను పుస్తకాలు అందుకొని పాత లెక్కలు తిరగేస్తే, కట్టడ నిధి నుంచి కమిటీలోనే ఒకరికి ఇచ్చిన చేబదులు కనిపించింది. మూడేళ్లుగా అలాగే ఉంది. ఆయన చెడ్డవాడు కాదు, కూతురి పెళ్లికి అవసరపడి తీసుకున్నాడు. కానీ ఆ సంగతి ఊరందరికీ తెలుసు. చందా పుస్తకం పట్టుకొని మేము ఏ ఇంటి గుమ్మం ఎక్కినా ఆ ఇంటివాళ్ల మనసులో అదే మెదులుతుంది, మర్యాదకు పైకి అనరు. మేము ఆ ఏడాది ఎవరినీ చందా పెంచమని అడగలేదు. ఆయనతో కూర్చొని మాట్లాడి, ఎనిమిది నెలల వాయిదాల్లో ఆ సొమ్ము తిరిగి కట్టించాం. ప్రతి వాయిదా జమ అయిన సంగతి ఆదివారం ప్రకటనల్లో చదివాం, పేరు చెప్పకుండా, 'కట్టడ నిధికి తిరిగి జమ' అని. అంతకు మించి ఏమీ చేయకుండానే ఆ సంవత్సరం చివరికి చందా పెరిగింది.

కాబట్టి మీరు వెంటనే చేయవలసింది ఇది. మీకు అప్పగించిన పుస్తకాల్లో సంఘానికి తెలిసీ కాగితం మీద లేనిది, కాగితం మీద ఉండీ సంఘానికి తెలియనిది ఏమైనా ఉందేమో చూడండి. అయ్యగారితో (పాస్టరుగారితో), కార్యదర్శితో కలిసి చూడండి. ఒక్కరే వెళ్లి ఎవరినీ నిలదీయవద్దు.

లెక్కల పద్ధతి గురించి కూడా అడిగారు. ఇందులో కొత్తగా కనిపెట్టవలసింది ఏమీ లేదు. బైబిలులో యూదాను ఏలిన యోవాషు రాజు కాలంలో మందిరం బాగుచేయడానికి వచ్చిన డబ్బు ఏళ్ల తరబడి పనికి చేరకపోతే, యెహోయాదా అనే యాజకుడు ఒక పెట్టె తీసుకొని మూతకు బెజ్జం చేయించి బలిపీఠం దగ్గర పెట్టించాడు. పెట్టె నిండినప్పుడు రాజు తరఫున ఒకరు, యాజకుల తరఫున ఒకరు కలిసి లెక్కపెట్టి సంచుల్లో కట్టేవారు. కానుకల సంచిని ఎప్పుడూ ఇద్దరు లెక్కపెట్టాలన్న నియమం అంత పాతది. ఆ ఇద్దరూ ఒకే ఇంటివారు కాకుండా చూడండి. లెక్క ఆరాధన ముగిసిన వెంటనే వెస్ట్రీలోనే (గుడి పక్క గదిలోనే) జరగాలి, ఇంటికి తీసుకెళ్లి రాత్రికి చూసుకుందాం అనకూడదు. ఇద్దరూ రిజిస్టరులో సంతకం చేయాలి. సోమవారం బ్యాంకులో పడాలి. ఆదివారం వచ్చిన నగదులోంచే కరెంటు బిల్లు కట్టి మిగిలింది జమ చేసే అలవాటు చాలా చోట్ల ఉంది. దాన్ని మొదటి వారమే మాన్పించండి. వచ్చినదంతా ముందు బ్యాంకుకు వెళ్లాలి, ఖర్చు చెక్కు మీద రావాలి.

ఇంకో సంగతి ఇప్పటి కాలానిది. గుడి గోడ మీద ఫోనుతో డబ్బు పంపే క్యూఆర్ కోడు అంటించారు కదా, అది ఎవరి ఖాతాకు వెళ్తుందో చూడండి. కొన్ని సంఘాల్లో అది పాస్టరుగారి సొంత నంబరు, లేదా పాత కోశాధికారి నంబరు. వారు ఎంత నిజాయితీపరులైనా అది అలా ఉండకూడదు. సంఘం పేరు మీద ఉన్న, ఇద్దరి సంతకాలతో నడిచే ఖాతాకే అది వెళ్లాలి. రెండో కొరింథీ పత్రిక 8వ అధ్యాయంలో పౌలు యెరూషలేము పేదల కోసం పోగైన చందాను తీసుకెళ్లేటప్పుడు తీతును, సంఘాలు ఏర్పరచిన మరొక సోదరుణ్ణి, ఇంకొకరిని కూడా వెంట పంపుతున్నాడు. ఎవరూ తప్పు మోపకుండా జాగ్రత్తపడుతున్నామని తానే రాశాడు. అపొస్తలుడికే అంత జాగ్రత్త అవసరమైతే మనకు ఎంత కావాలి?

నిధులు కలపవద్దు. కట్టడ నిధి, పేదల నిధి, సువార్త నిధి, మామూలు ఖాతా వేరువేరుగా ఉండాలి. నెల కాగానే ఒక పేజీలో, పెద్ద అక్షరాల్లో, తెలుగులో రాసి బోర్డు మీద పెట్టండి: ఎంత వచ్చింది, దేనికి ఎంత పోయింది, అసెస్‌మెంట్ ఇంకా ఎంత ఉంది. మీ కమిటీవారు బోర్డు వాడదామన్నారు కదా, ఇలా వాడమనండి. బోర్డు మీద ఉండవలసింది మన లెక్క, వాళ్ల బాకీ కాదు. పేర్లు అంటిస్తే ఏమవుతుందో నేను పక్క పాస్టరేట్‌లో చూశాను. ఉన్నవాళ్లు పరువు కోసం కడతారు, ఒక్కసారి. లేనివాళ్లు ఆ బోర్డు దాటి లోపలికి రాలేక మానుకుంటారు. ఏ చెల్లి కొత్త చీర కట్టుకొని వచ్చినా బోర్డు మీద ఆమె పేరు వెతికే కళ్లు తయారవుతాయి.

అసెస్‌మెంట్ అంటే చాలామందికి ఏమిటో తెలియదు, అది గమనించండి. 'డయాసిస్‌కు పోతుంది' అని మాత్రమే తెలుసు. మా పల్లె సంఘాల్లో ఒకసారి అడిగితే, బిషప్‌గారి కారుకు పోతుందని ఒకాయన నిజంగానే నమ్ముతున్నాడు. పాస్టరుగారి జీతం, ఆయన పిఎఫ్, మరో మారుమూల చిన్న సంఘంలో తన జీతానికి సరిపడా చందా రాని పాస్టరుగారి జీతం అందులోంచే వస్తాయని చెప్పాం. మా అయ్యగారు ఒక ఆదివారం తన జీతం ఎంతో సంఘం ముందు చదివారు. గుడి అంతా నిశ్శబ్దమైపోయింది. ప్రభుత్వ బడిలో కొత్తగా చేరిన ఉపాధ్యాయుడి జీతంలో సగం కూడా లేదు. ఆయనకు అలా చదవడం ఇష్టం లేదు, మేమే బతిమాలాం. ఇప్పుడు ఆలోచిస్తే ఆ మాట ఆయన నోట కాక మా నోట రావలసింది అనిపిస్తుంది.

దీనికి వెనక ఒక చరిత్ర ఉంది. మన తాతల కాలంలో గుడి, బడి, ఆసుపత్రి మిషన్ డబ్బుతో నడిచాయి. విదేశీ మిషనరీ దొరగారు పంపుతారు, దొరసానిగారు చూసుకుంటారు అన్న అలవాటు అలా వచ్చింది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడే నాటికే ఆ కాలం ముగియవస్తోంది. అంతకు చాలా ముందే దోర్నకల్‌లో బిషప్ అజరయ్య దీన్ని పసిగట్టారు. 1912లో ఆయన ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. ఆయన సంఘస్థుల్లో ఎక్కువమంది మాల, మాదిగ పల్లెల్లోని వ్యవసాయ కూలీలు. పూట గడవడమే కష్టమైనవాళ్లు. వాళ్లను పుచ్చుకునేవారిగానే ఉంచడం వాళ్లను అవమానించడమని ఆయన నమ్మకం. ఇవ్వడం కూడా మనిషి గౌరవంలో భాగమే కదా. క్రైస్తవ దాతృత్వం గురించి ఆయన ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశారు.

మా నాయనమ్మ ఏ పుస్తకమూ చదవలేదు. కానీ ఎసరు పెట్టేముందు కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి మూలనున్న చిన్న కుండలో వేసేది. శనివారం స్త్రీల మైత్రి (సంఘ స్త్రీల సమాజం) వాళ్లు వచ్చి ఆ కుండ గుమ్మరించుకొని వెళ్లేవారు. ఇంట్లో ఉన్నది పావు శేరే అయినా ఆ పిడికిలి ఆగేది కాదు. మిజోరంలో ప్రెస్బిటేరియన్ స్త్రీలు 1910లో ఇలాగే మొదలుపెట్టిన పిడికెడు బియ్యం పద్ధతి నేటికీ నడుస్తోంది, అక్కడి సువార్త పనికి అది ఒక పెద్ద ఆధారం. దానిలో నాకు నచ్చేది ఇది: ఉన్నవాడి పిడికిలీ లేనివాడి పిడికిలీ ఇంచుమించు ఒక్కటే. అది నెలకోసారి జేబులోంచి తీసేది కాదు, రోజూ రెండుసార్లు వంటింట్లో గుర్తుచేసుకొనేది. మీ పల్లె సంఘాల్లో ఆ కుండ ఇంకా ఉంటే దాన్ని పోనివ్వకండి. డబ్బులోకి మార్చేద్దాం, లెక్క సులువు అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

ఇప్పుడు మీ అసలు అవసరానికి వస్తాను: ఏడాదికి సరిపడా నమ్మకమైన రాబడి.

ముందు బడ్జెట్ వేయండి. లెక్క కోసం 9 లక్షలు కావాలనుకుందాం. 180 కుటుంబాలతో భాగిస్తే కుటుంబానికి 5,000 రూపాయలు, నెలకు 417. చాలా కమిటీలు ఇక్కడే ఆగి, తలకింత అని వేసేస్తాయి. అది న్యాయంగా కనిపిస్తుంది, కానీ కాదు. ఇద్దరూ ఉపాధ్యాయులైన ఇంటికి 417 అంటే ఒక పూట హోటల్ భోజనం. నాట్లకు వెళ్లే ఒంటరి స్త్రీకి అది ఒక రోజంతటి కూలి. మనస్సు సిద్ధంగా ఉంటే, లేనిదాన్ని బట్టి కాక ఉన్నదాన్ని బట్టి ఇచ్చిందే అంగీకారమని పౌలు రాసింది ఇందుకే. కాబట్టి సగటు చెప్పండి గానీ దాన్ని రేటుగా చేయకండి. ఈ ఏడాది సంఘానికి ఇంత కావాలి, ఇది దేనికంటే దీనికి అని చెప్పి, ప్రతి ఇల్లూ తన రాబడిలో ఇప్పుడు ఎన్నో వంతు ఇస్తోందో తానే లెక్క వేసుకోమనండి. చాలామంది ఎప్పుడూ వేసుకొని ఉండరు. వేసుకుంటే ఆశ్చర్యపోతారు. నూటికి ఒకటి ఇస్తున్నామని తేలినవారిని రెండుకు రమ్మనండి, పదికి కాదు. మరుసటి ఏడాది మూడు. పదో వంతు దగ్గరికి ఇలా నడిచి చేరినవాళ్లు మా సంఘంలో ఉన్నారు. ఒక్క గెంతులో చేరమంటే మొదటి మెట్టు కూడా ఎక్కి ఉండేవారు కాదు.

దీనికి వాగ్దాన పత్రం వాడండి. అర పేజీ చాలు: పేరు, ఈ ఏడాది దేవుని ఎదుట ఇంత ఇవ్వాలనుకుంటున్నాం, వారానికా నెలకా పంటకా, పని రూపంలో ఏమి ఇవ్వగలం. ఆ చివరి గడిని మరచిపోవద్దు. ఇటుక మోయడం, గుడి ఊడ్వడం, కోరస్‌లో పాడటం, సండే స్కూలు చెప్పడం, వైరింగ్ బాగుచేయడం, అన్నీ అందులో రాయనివ్వండి, రాసినదాన్ని రిజిస్టరులోకి ఎక్కించండి. ఆ విధవరాలు అడిగిన గడి అదే.

పత్రం కవరులో పెట్టి అంటించి ఆరాధనలో కానుకతోపాటు వేయించండి. దాన్ని తెరిచేది కోశాధికారి, ఇంకొకరు మాత్రమే. అయ్యగారు చూడవచ్చా అన్నది ప్రతిచోటా చర్చే. మా దగ్గర చూడకూడదని నిర్ణయించాం. ఎవరు ఎంత ఇస్తున్నారో తెలియకపోతేనే ఆయన ఎవరి ఇంటికైనా ఒకే ముఖంతో వెళ్లగలరని మా అయ్యగారే అన్నారు. పత్రం మీద ఒక వాక్యం తప్పక అచ్చు వేయించండి: 'పరిస్థితులు మారితే ఈ మొత్తాన్ని మీరు ఎప్పుడైనా మార్చుకోవచ్చు.' వాగ్దానం బాకీ కాదు. ఏడాది చివర మిగిలిపోతే అది మరుసటి ఏడాదికి మోసుకురాకూడదు. పాత బకాయిలు కూడా ఒక్కసారి కొట్టివేయమని నా సలహా. కమిటీలో దీనికి గట్టి వ్యతిరేకత వస్తుంది. సక్రమంగా కట్టినవాళ్లకు అన్యాయం కాదా అంటారు. మా దగ్గరా అన్నారు. కానీ రెండేళ్లకు మించిన బాకీ రాదు, అది పుస్తకంలో మాత్రమే ఉన్న సొమ్ము. ఉన్నన్నాళ్లూ ఆ మనిషి గుడి గడప తొక్కకుండా చేయడానికి తప్ప దేనికీ పనికిరాదు. సంఘ ఎన్నికల్లో ఓటు హక్కుకూ చందాకూ ఉన్న సంబంధం మీ డయాసిస్ నిబంధనల్లో ఉంటే దాన్ని మీరు మార్చలేరు. కానీ నిబంధన అడిగే కనీసం ఎంతో చూడండి, సాధారణంగా అది చాలా చిన్న మొత్తం.

ఎప్పుడు అడగాలన్నది చాలామంది పట్టించుకోరు. లెక్కల సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది కాబట్టి పత్రాలు కూడా ఏప్రిల్‌లో పంచుతారు. మీ మూడు పల్లెల్లో ఒకటి సముద్రం ఒడ్డున ఉందని రాశారు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం. వలలు ఒడ్డున ఎండుతున్న రోజుల్లో ఆ ఇంటివాళ్ల ముందు పత్రం పెట్టి ఏడాదికి ఎంత రాస్తారని అడిగితే వాళ్లు భయంతో చిన్న అంకె రాస్తారు, లేదా సిగ్గుతో పెద్ద అంకె రాసి తరువాత ముఖం చాటేస్తారు. వరి రైతుకు సార్వా (తొలి పంట) డబ్బు సంక్రాంతి చుట్టూ, దాళ్వా (రెండో పంట) డబ్బు మే తరువాత చేతికి వస్తుంది. జీతగాడికి ఒకటో తేదీ. అందరికీ ఒకే నెలలో వాయిదా పెట్టకండి. మేము పత్రాలను నవంబరులో పంచి, కోతపండుగ ఆదివారం అందుకొనేవాళ్లం. పంట కళ్ల ముందు ఉంటుంది, మనసు మెత్తగా ఉంటుంది.

కోతపండుగ అన్నాను కాబట్టి వేలంపాట గురించి రెండు మాటలు. ఆ రోజు నాకు చాలా ఇష్టం. గుడి ముందు వరి కంకులు, అరటి గెలలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోడిపుంజులు. కానీ ఒకే గుమ్మడికాయను పట్టుదలకు పోయి వేలల్లోకి పాడి, ఆ డబ్బు కట్టకుండా మరుసటి పండుగ దాకా లాగే పెద్దమనుషులు ప్రతి సంఘంలో ఉంటారు. మరోవైపు ఒక ముసలామె కొంగులో కట్టుకొచ్చిన డజను గుడ్లు ఎవరూ పాడక బల్ల మీద మిగిలిపోతాయి. అది చూసిన ఏడాది నుంచి మేము క్రమం మార్చాం. చిన్న కానుకలన్నీ ముందు, అయ్యగారి ప్రార్థనతో, వేలంపాట లేకుండా పేదల విందుకు తీసుకునేవాళ్లం. తరువాతే వేలం. పాడిన సొమ్ము ఆ రోజే, లేదా నెలలోపు కట్టాలని ముందే ప్రకటించాం. వేలం రాబడిని జీతాలకు వాడే బడ్జెట్‌లో కలపలేదు. దాన్ని పండుగగా ఉంచండి. దాని మీద సంఘాన్ని నడపాలనుకుంటే ఏడాదంతా ఇద్దరు ముగ్గురు ధనవంతుల ముఖం చూడవలసి వస్తుంది.

విదేశాల్లో ఉన్న మీ ఊరివారు గుడి పైకప్పు మొత్తం తామే వేయిస్తామంటున్నారని చివర రాశారు. జాగ్రత్త. భారత పౌరసత్వం ఉంచుకొని అక్కడ ఉద్యోగం చేసేవారు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు, ఓసీఐ (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి ఇచ్చే) కార్డు ఉన్నవారైనా సరే, ఇస్తే వస్తుంది. దానికి విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతాకే రావాలి. రిజిస్ట్రేషన్ ఉన్న ఒక సంస్థ అందుకొని ఇంకో సంస్థకు బదిలీ చేయడం 2020 సవరణ తరువాత కుదరదు. డయాసిస్ ఆఫీసును, ఆడిటరును అడగకుండా ఒక్క రూపాయి కూడా తీసుకోకండి. పన్ను రాయితీ వస్తుందని కూడా ఎవరికీ మాట ఇవ్వకండి. కేవలం ఒక మతవర్గం ఆరాధన కోసం ఇచ్చే కానుకకు దాతకు మామూలుగా అది రాదు. చట్టం సంగతి అలా ఉంచి, మొత్తం వాళ్లనే వేయనివ్వడం కూడా నాకు ఇష్టం లేదు. ఆ కప్పు కింద కూర్చునేవారు కనీసం కొంత భాగమైనా వేయాలి, రేకుకు ఒక మేకు అయినా సరే.

ప్రసంగాల విషయంలో అయ్యగారిని ఒకటి వేడుకోండి. ఇస్తే దేవుడు వందరెట్లు తిరిగి ఇస్తాడు, ఇవ్వకపోతే రోగాలు వస్తాయి అన్న మాట మన వేదిక మీద వినపడకూడదు. ఆ మాట విని చీటీపాట డబ్బు తెచ్చి సంచిలో వేసినవారిని నేను చూశాను. అప్పుల్లో ఉన్న ఇంటికి ముందు వడ్డీ తగ్గించుకొనే దారి చెప్పండి. తల్లిదండ్రులకు పెట్టవలసింది కొర్బాను, అంటే దేవునికి అర్పించేశాం, అని చెప్పి ఎగ్గొట్టినవారిని యేసు ఎంత గట్టిగా గద్దించాడో మార్కు 7వ అధ్యాయంలో ఉంది. ముసలి తల్లి మందులు ఆపి తెచ్చిన కానుకను అందుకొనే హక్కు సంఘానికి లేదు.

వచ్చే కమిటీ సమావేశానికి ఇవన్నీ ఒకేసారి పట్టుకెళ్లకండి. ఒక్క తీర్మానం పట్టుకెళ్లండి: 'బాప్తిస్మం, వివాహం, సమాధి సందర్భాల్లో చందా ప్రస్తావన తేకూడదు, పుస్తకం తెరవకూడదు.' మాకు అది గట్టెక్కడానికి రెండేళ్లు పట్టింది, మూడుసార్లు ఓడిపోయింది. నాలుగోసారి ఒప్పుకున్నప్పుడు అందరి చేతా మినిట్స్ పుస్తకంలో సంతకాలు తీసుకొని, ఆ కాగితం నకలు పట్టుకొని నేను ఆ విధవరాలి ఇంటికి వెళ్లాను. ఆమెకు చదవడం రాదు, కొడుకు చదివి వినిపించాడు. ఆ ఆదివారం ఆమె రాలేదు. క్రిస్మస్‌కు వచ్చింది, వెనక బెంచీలో కూర్చుంది.

మీ బడ్జెట్ కాగితం సిద్ధమైతే ఇక్కడే పెట్టండి, అంకెలు కలిసి చూద్దాం.